అక్షరం గీతగా మారిన చోట: వెక్టార్ ఫైళ్ల మార్పిడిలో తెలుగు, ఒడియా పాఠ్యం

పర్లాకిమిడిలో శుభలేఖను రెండు లిపుల్లో వేయించుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఊరు ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రం. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లాలోకి వస్తుంది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి మధ్యలో సరిహద్దు పడినా వియ్యాలు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి కాబట్టి, కార్డులో ఒక వైపు తెలుగు, రెండో వైపు ఒడియా ఉండటం మర్యాదగా స్థిరపడింది. అలాంటి ఒక కార్డు విషయంలో నాకు ఎదురైన చిక్కే ఈ వ్యాసానికి మూలం. కార్డు కూర్పు ఒక చోట జరిగింది, అచ్చు బరంపురంలో జరగవలసి ఉంది, ఈలోగా పురోహితుడు ముహూర్తాన్ని పదకొండు నిమిషాలు ముందుకు జరిపాడు. మార్చవలసినవి రెండు అంకెలు, ఒక లగ్నం పేరు. పెళ్లివారి చేతిలో ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ మాత్రమే. దాన్ని డిజైన్ ప్రోగ్రాములో తెరిచి ముహూర్తం వాక్యం మీద నొక్కితే వాక్యం ఎంపిక కాలేదు. తలకట్లు, గుడులు, ఒత్తులు వేటికవే నల్లని ఆకారాలుగా పట్టుబడ్డాయి.

కార్డు కంటికి ఏమీ మారలేదు, కానీ అందులో మేటర్ లేదు. డీటీపీ సెంటర్లలో పాఠ్యాన్ని మేటర్ అనే అంటారు. ఈ సందర్భంలో ఆ మాటే సరిగ్గా సరిపోతుంది. ఒక ఫార్మాట్ నుంచి మరొక ఫార్మాట్‌కు ఫైలు మారినప్పుడు బొమ్మ చెక్కుచెదరకుండా చేరినా మేటర్ ఎందుకు చేరదో, తెలుగు, ఒడియా లిపులకు ఈ నష్టం ఇంగ్లీషుకన్నా ఎక్కువగా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే, వెక్టార్ ఫైలు, అంటే బొమ్మను చుక్కలుగా కాక గీతలు, వంపులుగా దాచే ఫైలు, దాని దృష్టిలో అక్షరం అంటే ఏమిటో ముందుగా చూడాలి.

తెర మీద మనకు కనిపించే పాఠ్యంలో నిజానికి మూడు వేర్వేరు విషయాలు కలిసి ఉంటాయి. మొదటిది మనం టైపు చేసిన అక్షరాల వరుస. కంప్యూటరుకు అది యూనికోడ్ (ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ప్రమాణం) సంఖ్యల వరుస. రెండోది ఆ వరుసను ఏ ఫాంటుతో, ఎంత సైజులో, ఏ వెడల్పులో పేర్చాలన్న ఆదేశం. మూడోది ఆ రెండూ కలిసి పుట్టించిన రూపం, అంటే ఏ వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గీతలు. మొదటి రెండూ ఉంటే మూడోదాన్ని ఎప్పుడైనా తిరిగి పుట్టించవచ్చు. మూడోది మాత్రమే ఉంటే మొదటి రెండూ తిరిగి రావు. ఏ మార్పిడి జరిగినా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మూడింటిలో అవతలికి వెళ్లినది ఏది?

ఇంగ్లీషులో ఈ మూడింటి మధ్య దూరం తక్కువ. ఒక అక్షరానికి ఒక సంఖ్య, ఒక సంఖ్యకు ఒక రూపం. మన లిపుల్లో అలా కాదు. తెలుగుకు యూనికోడ్‌లో 3072 నుంచి 3199 వరకు, ఒడియాకు 2816 నుంచి 2943 వరకు స్థానాలు కేటాయించారు. ఆ 128 స్థానాల్లో క్ష అనే అక్షరం లేదు, శ్రీ అసలే లేదు. క్ష అంటే 3093, 3149, 3127 అనే మూడు సంఖ్యలు, అంటే క, పొల్లు, ష. వాటిని చూసి ఒక్క క్ష గీయడం ఓపెన్‌టైప్ ఫాంటులోని నియమాల పని, ఆ నియమాలను చదివి అమలు చేసే ఇంజను పని. ఫాంటులో గీసి ఉంచిన ఒక్కొక్క రూపాన్ని గ్లిఫ్ అంటారు. ఒక అక్షరం రెండు మూడు గ్లిఫ్‌లు కావచ్చు, మూడు అక్షరాలు కలిసి ఒక్క గ్లిఫ్ కావచ్చు. అలా పుట్టిన గ్లిఫ్‌కు ఫాంటు లోపల ఒక వరుస సంఖ్య ఉంటుంది తప్ప యూనికోడ్ సంఖ్య చాలాసార్లు ఉండదు.

ప్రతి శుభలేఖలోనూ కనిపించే శ్రీ దీనికి మంచి ఉదాహరణ. టైపు చేసిన వరుస శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి. గీసేటప్పుడు గుడి శ తలమీదికి వెళ్లి కూర్చోవాలి కాబట్టి శీ ఒక గ్లిఫ్‌గా ముందు వస్తుంది, రావత్తు తర్వాత వస్తుంది. అంటే టైపు చేసిన క్రమం వేరు, గీసిన క్రమం వేరు. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేసినవారికి శ్రీ బదులు ‘శీ్ర’ అని, స్త్రీ బదులు ‘సీ్త్ర’ అని రావడం అనుభవమే. దాన్ని చాలామంది ఫాంటు చెడిపోయిందని అనుకుంటారు. ఫాంటు సవ్యంగానే ఉంది. గీసిన క్రమాన్ని టైపు చేసిన క్రమంగా భావించి చదవడం వల్ల వచ్చిన తప్పు అది.

ఒడియాలో ఈ తారుమారు ఇంకా ఎక్కువ. ఒడియా ఏకారం గుర్తు హల్లుకు ఎడమవైపున కూర్చుంటుంది, కానీ నిల్వలో హల్లు తర్వాతే ఉంటుంది. ఓకారమైతే నిల్వలో ఒక్క గుర్తు, గీతలో హల్లుకు అటూ ఇటూ రెండు ముక్కలు. గీసిన క్రమంలో చదివితే ఏకారం, హల్లు, ఆకారం అని మూడు సంబంధంలేని అక్షరాలుగా విడిపోతుంది. ఇలా కాపీ చేసినప్పుడు తెలుగు కన్నా ఒడియా ఎక్కువ పాడవడానికి కారణం ఇదే.

ఇక ఫార్మాట్ల సంగతి. పీడీఎఫ్ 1993లో అడోబ్ తెచ్చినది, 2008లో అంతర్జాతీయ (ఐఎస్ఓ) ప్రమాణమైంది. ఏ యంత్రంలో తెరిచినా, ఏ ప్రెస్సులో అచ్చు వేసినా పుట ఒకేలా కనిపించాలన్నది దాని పుట్టుకకు కారణం. అందుకని అది పుటను తుది రూపంలో దాస్తుంది: ఫలానా ఫాంటులోని ఫలానా గ్లిఫ్‌ను ఫలానా చోట పెట్టు అన్నదే దానిలోని ఆదేశం. పేరా ఎక్కడ మొదలైంది, వాక్యం ఎక్కడ మడత పడింది అన్న సమాచారం అచ్చుకు అవసరం లేదు కాబట్టి మామూలు పీడీఎఫ్‌లో ఉండదు. గ్లిఫ్ నుంచి అక్షరానికి వెనక్కి వెళ్లే దారిగా టూయూనికోడ్ అనే పట్టికను ఫైలులో చేర్చవచ్చు. అయితే ఆ పట్టిక ఒక్కొక్క గ్లిఫ్‌కు ఏ అక్షరాలు అన్నది చెప్పగలదే కాని గ్లిఫ్‌ల క్రమాన్ని సరిచేయలేదు. ఒక ముక్క మొత్తానికి అసలు పాఠ్యం ఇది అని పక్కన రాసిపెట్టే యాక్చువల్‌టెక్స్ట్ అనే ఏర్పాటు కూడా ఉంది. కైరో వంటి సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడు) పీడీఎఫ్ రాసేటప్పుడు అవసరమైన చోట దాన్ని వాడతాయి. వెతకడానికి, కాపీ చేయడానికి అది ఉపకరిస్తుంది. ఫైలును దిద్దడానికి తెరిచే ప్రోగ్రాములు దాన్ని పట్టించుకుంటాయని మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

దీనికి తోడు సబ్‌సెట్ అనే మెలిక ఉంది. ఫాంటు మొత్తాన్ని మోసుకెళ్లకుండా వాడిన గ్లిఫ్‌లను మాత్రమే పీడీఎఫ్‌లో పొదగడం సర్వసాధారణం. అలా కత్తిరించిన ఫాంటు పేరుకు ముందు ఆరు పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, ఒక కూడిక గుర్తు చేరుతాయి. కార్డులో ఎక్కడా వృశ్చిక అన్న మాట లేకపోతే శ్చి అనే అక్షరానికి కావలసిన ముక్కలు ఆ ఫైలులో లేనట్టే. లగ్నం పేరు మార్చాలంటే అసలు ఫాంటు మన యంత్రంలో విడిగా ఉండి తీరాలి.

పీడీఎఫ్‌ను వెక్టార్ ప్రోగ్రాములో తెరవడం అంటే, అందువల్ల, వండిన అన్నంలోంచి బియ్యాన్ని తీయబోవడమే. అయినా తెరవక తప్పని రోజులు ఉంటాయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ ప్రోగ్రాము అప్పుడు రెండు దారులు చూపిస్తుంది. పాప్లర్-కైరో అనే దారిలో రూపం అచ్చంగా వస్తుంది కాని అక్షరాలన్నీ ఆకారాలైపోతాయి. దాని సొంత దారిలో పాఠ్యం పాఠ్యంగా వస్తుంది కాని ప్రతి అక్షరానికీ వేరువేరు స్థానం అంటించి ఉంటుంది, క్రమం పైన చెప్పిన విధంగా చెదిరి ఉంటుంది. కోరల్‌డ్రా అనే డిజైన్ ప్రోగ్రాము కూడా పీడీఎఫ్‌ను దిగుమతి చేసేటప్పుడు పాఠ్యాన్ని టెక్స్ట్‌గా తేవాలా, కర్వ్స్‌గా, అంటే గీతలుగా, తేవాలా అని అడుగుతుంది. చూపుకు సరిగ్గా ఉండాలంటే కర్వ్స్, దిద్దడానికి పట్టు దొరకాలంటే టెక్స్ట్. రెండూ ఒకేసారి కావాలని మన లిపుల్లో కోరితే ఆ డైలాగ్ పెట్టె తీర్చలేదు. ఇక పీడీఎఫ్‌టూకైరో, పీడీఎఫ్‌టూఎస్‌వీజీ వంటి ఆదేశాలు చేతిలో ఉన్నాయి కదా అని నేరుగా పీడీఎఫ్‌ను ఎస్‌వీజీ (వెబ్‌లో వాడే వెక్టార్ ఫార్మాట్) చేస్తే, వచ్చే ఎస్‌వీజీలో గ్లిఫ్‌లు ఆకారాలుగానే ఉంటాయి. ఎస్‌వీజీ అనే పేరు చూసి లోపల పాఠ్యం ఉందనుకోవడానికి వీల్లేదు.

ఎస్‌వీజీ స్వభావరీత్యా పాఠ్యానికి మిత్రుడు. 2001లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా వెలువడిన ఈ ఫార్మాట్ మామూలు ఎక్స్ఎంఎల్ ఫైలు, అంటే నోట్‌ప్యాడ్‌లో చదవగల సాదా పాఠ్యం; అందులో టెక్స్ట్ అనే ఎలిమెంటు మధ్య అక్షరాలు టైపు చేసిన క్రమంలోనే, శ తర్వాత పొల్లు, పొల్లు తర్వాత ర అన్నట్టుగానే కూర్చుంటాయి. గీసే పని తెరిచేవాడిది. మన లిపులకు ఇంతకన్నా కావలసింది లేదు. అయితే ఎస్‌వీజీ మామూలుగా ఫాంటు పేరును మాత్రమే తీసుకెళ్తుంది, ఫాంటును కాదు. అవతలి యంత్రంలో ఆ పేరుగల ఫాంటు లేకపోతే ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది, వెడల్పు మారుతుంది, వరుని తండ్రి పేరు అంచు దాటి పోతుంది. ఫాంటును బేస్64 అనే అక్షరాల రూపంలో ఎస్‌వీజీ లోపలే పొదగవచ్చు. బ్రౌజర్లు దాన్ని గౌరవిస్తాయి, డిజైన్ ప్రోగ్రాముల దగ్గర ఆ గౌరవం దొరుకుతుందనే నమ్మకం లేదు. అందుకే ఎస్‌వీజీ పంపేటప్పుడు ఫాంటు ఫైలును పక్కన జతచేయడమే మేలు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి వాడితే జతచేయడానికి లైసెన్సు అడ్డు రాదు. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి కాబట్టి రెండు లిపుల కార్డుకు అది తాత్కాలికంగా పనికొస్తుంది, అందం గురించి పట్టింపు లేకపోతే.

ఎస్‌వీజీలో మరి రెండు చిక్కులు ఉన్నాయి. ఎస్‌వీజీ 1.1లో వాక్యం పెట్టె అంచు దగ్గర తనంతట తాను మడత పడే సౌకర్యం లేదు. ఇంక్‌స్కేప్ ఒకప్పుడు ఆ సౌకర్యాన్ని, ప్రమాణంగా ఎన్నడూ ఖరారు కాని 1.2 ముసాయిదా నుంచి తీసుకుని వాడింది. అలాంటి ఫైలును వేరే ప్రోగ్రాములో తెరిస్తే పేరా ఉండవలసిన చోట నల్లని పెట్టె కనిపించడం, లేదా ఏమీ కనిపించకపోవడం జరిగేది. పంపేముందు టెక్స్ట్ మెనూలో ఉన్న ఆదేశంతో పేరాను మామూలు పాఠ్యంగా మార్చుకుంటే ఆ బాధ ఉండదు. వరుసలు విడివిడిగా స్థిరపడతాయి, మేటర్ మిగులుతుంది.

రెండో చిక్కు మన లిపులకు ప్రాణాంతకమైనది. అక్షరాల మధ్య ఎడం సరిచేయడానికి ఎగుమతి చేసే ప్రోగ్రాములు ఒక మాటను టీస్పాన్ అనే చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు స్థానం ఇస్తాయి. ఇంగ్లీషులో ఎక్కడ కోసినా నష్టం లేదు. తెలుగులో పొల్లు ఒక ముక్కలో, దాని తర్వాతి హల్లు వేరే ముక్కలో పడితే ఒత్తు పుట్టదు. గుణింతపు గుర్తు హల్లు నుంచి విడిపోతే ఆధారం లేని ఆ గుర్తు కింద చుక్కల వలయం ప్రత్యక్షమవుతుంది. అడోబ్ వారి డిజైన్ ప్రోగ్రాము ఇల్లస్ట్రేటర్‌లో ఎస్‌వీజీగా భద్రపరిచేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో టీస్పాన్లు తక్కువ చేయమనే గడి ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో పనిచేసేవారికి అది ఫైలు సైజు తగ్గించే గడి, మనకు ఒత్తులను కాపాడే గడి. అంతకన్నా మూలానికి వెళ్తే, తెలుగు మేటర్‌కు అక్షరాల మధ్య ఎడాన్ని చేత్తో జరపకుండా ఉండటం మంచిది.

ఇల్లస్ట్రేటర్ సొంత ఏఐ (.ai) ఫైలు గురించి ఒక మాట; ఇక్కడ ఏఐ అంటే కృత్రిమ మేధ కాదు. తొమ్మిదో వెర్షన్ నుంచి అది పీడీఎఫ్ చొక్కా తొడుక్కుని ఉంటుంది. దిద్దడానికి కావలసిన అసలు సరుకు లోపల విడిగా ఉంటుంది. ఇతర ప్రోగ్రాములు చదివేది చొక్కానే. అందువల్ల ఏఐ ఫైలు కాబట్టి మేటర్ వస్తుందన్నది ఇల్లస్ట్రేటర్‌లో తెరిచినప్పుడే నిజం. అక్కడ కూడా ఇండిక్ ఆప్షన్లు, వరల్డ్-రెడీ కంపోజర్ (మన లిపుల వంటి వాటిని పేర్చే అమరిక) లేకుండా తెరిస్తే ఒత్తులు విడిపోయి పొల్లులుగా కనిపిస్తాయి. దాన్ని చూసి మేటర్ పోయిందని గాభరాపడి మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టినవారిని చూశాను. కంపోజర్ మారిస్తే చాలు, సంఖ్యలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పాఠ్యం చెడటం వేరు, పాఠ్యాన్ని చూపడం చెడటం వేరు.

ఈపీఎస్ అనే పాత అచ్చు ఫార్మాట్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. దాన్ని అచ్చుకు పోయే ఫైలుగానే చూడాలి. విండోస్ సొంత బొమ్మల ఫార్మాట్ ఈఎంఎఫ్‌లో పాఠ్యం ఉన్నట్టే ఉంటుంది కాని, సంక్లిష్ట లిపులకు అక్షర సంఖ్యల బదులు గ్లిఫ్ సంఖ్యలు నమోదై ఉండవచ్చు, అవి ఆ ఫాంటు బయట అర్థంలేని అంకెలు. స్టీలు బోర్డులు, తలుపుల మీద పేర్లు కోసే సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే కోత యంత్రం) వారికి వెళ్లే డీఎక్స్‌ఎఫ్ అనే డ్రాయింగ్ ఫైలులో టెక్స్ట్ ఎంటిటీలు ఉన్నా, కోసే యంత్రానికి గీతే కావాలి కనుక అక్కడ గీతగా మార్చి ఇవ్వడమే సరైనది.

పాత ఫాంట్ల విషయం ఇక్కడ తప్పించుకోలేనిది. సరిహద్దుకు ఇటు ఒడియాకు ‘ఆకృతి’, అటు తెలుగుకు ‘అను’, రెండు చోట్లా శ్రీలిపి వంటివి ఏళ్ల తరబడి ప్రెస్సులను నడిపాయి. యూనికోడ్ లేని ఆ ఫాంట్లు అక్షరాలను ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో దాచుకున్నాయి. వింతేమిటంటే, ఇలాంటి ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌ను తెరిస్తే యూనికోడ్ పీడీఎఫ్ కన్నా మెరుగ్గా దిద్దుబాటుకు లొంగడం తరచు కనిపిస్తుంది. ఒక సంఖ్యకు ఒక రూపం, గీసిన క్రమమే టైపు చేసిన క్రమం; ఇంగ్లీషుకు ఉన్న సుఖమంతా దానికీ ఉంది. అదే ఫాంటు యంత్రంలో ఉంటే ముహూర్తం అయిదు నిమిషాల్లో మారుతుంది. ఫాంటు లేకపోతే మాత్రం ఫైలులో ఉన్నది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. ఎస్‌వీజీలోకి పోయినా, ఇంకెక్కడికి పోయినా ఆ మేటర్‌ను వెతకలేము, వేరే ఫాంటులోకి మార్చలేము. అందుచేత పాత డిజైన్‌ను కొత్త ఫార్మాట్‌లోకి తెచ్చేవారు ముందు కన్వర్టరుతో మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చి, రెండు కళ్లూ పెట్టి ప్రూఫు చూసుకుని, ఆ తర్వాతే ఫార్మాట్ జోలికి పోవాలి. క్రమం తలకిందులైతే పని రెట్టింపు.

ఇంతా చదివి కర్వ్స్ చేయడాన్ని తప్పుపట్టకూడదు. కోరల్‌డ్రాలో మేటర్‌ను ఎంచుకుని కంట్రోల్, క్యూ నొక్కి పంపమని ప్రెస్సువారు అడిగేది సోమరితనంతో కాదు. వారి దగ్గర మన ఫాంటు లేకపోతే ప్లేటు మీద ఏ అక్షరం దిగుతుందో ఎవరూ పూచీ పడలేరు. వేయి కార్డులు అచ్చయ్యాక తప్పిన ఒత్తుకు విరుగుడు లేదు. గీతగా మారిన అక్షరం ఎక్కడికి వెళ్లినా మారదు. తప్పల్లా అదే ఫైలు మీద కర్వ్స్ చేసి, అదే పేరుతో సేవ్ చేసి, మూసేయడంలో ఉంది. మూలాన్ని దిద్దడానికి వీలైన ఓపెన్ ఫైల్‌గా ఉంచుకుని, కర్వ్స్ చేసినదాన్ని వేరే పేరుతో పంపితే ఈ వ్యాసంలో సగం అవసరమే ఉండదు. నేను ఇప్పుడు ఒక్కొక్క కార్డుకు సంచిలో నాలుగు పెడుతున్నాను: ఓపెన్ ఫైల్, దానిలో వాడిన ఫాంట్లు, ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్, మేటర్ మాత్రమే ఉన్న ఒక సాదా టెక్స్ట్ ఫైలు. నాలుగోది కొన్ని కిలోబైట్లకు మించదు, ఏ ప్రోగ్రామూ దాన్ని పాడుచేయలేదు.

మార్చిన ఫైలులో మేటర్ బతికి ఉందో లేదో చూడటానికి తెర మీద కనిపించేది సాక్ష్యం కాదు. ఎస్‌వీజీనైతే నోట్‌ప్యాడ్‌లో తెరవవచ్చు. తెలుగు అక్షరాలు తెలుగులో కనిపిస్తే మేటర్ ఉంది. పాత్ (path) అనే మాట తర్వాత దశాంశాల వరద ఉంటే గీతలే ఉన్నాయి. తల మీద గుర్తులున్న ఇంగ్లీషు అక్షరాల గందరగోళం ఉంటే పాత ఫాంటు. పీడీఎఫ్‌కు డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా చూడాలి. జాబితా ఖాళీగా ఉంటే వెతకడం మానుకోవచ్చు. ఉంటే శ్రీ అని వెతికి చూడాలి. దొరకకపోతే క్రమం చెదిరిందని అర్థం. అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష, తెరిచిన ఫైలులో అంతకుముందు లేని ఒక సంయుక్తాక్షరాన్ని, ఉదాహరణకు జ్ఞ లేదా ష్ట్ర, టైపు చేసి చూడటం.

మా కార్డు పీడీఎఫ్ పరీక్షల్లో మొదటిదాంట్లోనే తప్పింది. ఫాంట్ల జాబితా ఖాళీ. మిగిలిన దారి పుటను బొమ్మగా తీసి, బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్‌కు ఇవ్వడం. టెసెరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ ప్రోగ్రాముకు తెలుగు, ఒడియా రెండింటికీ శిక్షణ ఫైళ్లు ఉన్నాయి. నిండు పేజీల పుస్తకమైతే నేను ఆ దారే పట్టేవాడిని. శుభలేఖలో మాత్రం వంద మాటలు కూడా ఉండవు, వాటిలో సగం ఇంటిపేర్లు, గోత్రాలు, ఊళ్ల పేర్లు. యంత్రం చదివిన ఇంటిపేరును సరిచూడటం కన్నా టైపు చేయడమే తొందరగా అవుతుంది. గీతలుగా ఉన్న పాత కార్డును కింది పొరలో లేత రంగులో ఉంచి, పైపొరలో అదే వెడల్పుకు కొత్త మేటర్ పేర్చాను. తెలుగు పేజీకి నలభై నిమిషాలు పట్టింది. ఒడియా పేజీని పెళ్లికూతురి మేనమామ పక్కన కూర్చుని చదివి చెప్పాడు, ఏకారాలు ఎడమవైపున పడ్డాయో లేదో ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకుంటూ.